ఆ 400 ఎకరాలు ఎవరికి దక్కాయి?

ప్రశ్న: నమస్తే అమ్మా. తెనాలిలో 38 ఏళ్ళు డాక్యుమెంట్ రైటర్‌గా చేసి మానేశాను. ఇప్పుడు వర్జీనియాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను, నవంబరు నెలాఖరుకి తిరుగు టికెట్టు. అల్లుడు ఇక్కడివాడే. మనవడిని స్కూల్లో వంశవృక్షం వేసుకురమ్మన్నారు. మా వైపు పేర్లు నేను నోటితో చెప్పేశాను. అల్లుడి వైపు, ఆయన నాయనమ్మ గారు ఒక పాత ఫైలు చేతిలో పెట్టారు. 1767లో లూయిసా కౌంటీలో 400 ఎకరాలు అమ్మినాయన దాకా కాగితాలు బాగానే ఉన్నాయి. అక్కణ్ణుంచి పైకి తికమక. ఆయన తండ్రి అని చెబుతున్న పెద్దాయన వీలునామా నకలు ఉంది. అందులో ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళ పేర్లున్నాయి, ఈయన లేడు. కానీ అచ్చం ఈయన పేరే ఉన్న ఒకతన్ని ‘నా కజిన్’ అని రాసి ఒక గుర్రం ఇచ్చాడు. ఇంకో విచిత్రం, ఆ వీలునామా 1748 ఫిబ్రవరిలో కోర్టులో రుజువైంది. అదే పెద్దాయన 1748 నవంబరులో ఒక దస్తావేజు మీద సంతకం పెట్టాడు! అంతకు ముందరి కాగితాలు హానోవర్ కౌంటీలో ఉండేవట, కాలిపోయాయట. ఇంటర్నెట్లో చూస్తే అందరూ ఈయన్ని ఆ పెద్దాయన కొడుకనే రాసేశారు. ఫైలు మొదటి పేజీలో డాలు, సింహం బొమ్మ, ఇంగ్లాండు లార్డుల వంశమని ఒక ముక్క. బర్త్ సర్టిఫికెట్లు లేని కాలం సంగతి ఎలా తేల్చాలి? నాకీ దేశం కాగితాల గురించి ఏమీ తెలియదు.

సమాధానం: రైటరు గారూ, నమస్కారం. మీ ఆఖరి వాక్యం చదివి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. 38 ఏళ్ళు లింకు డాక్యుమెంట్లు చూసిన మనిషికి ఈ పనిలో తెలియనిది కాస్త భాష, కాస్త చట్టం, అంతే. నేను రిచ్‌మండ్ దగ్గర ఒక టైటిల్ సెర్చ్ ఆఫీసులో, అంటే భూమి హక్కుల పాత కాగితాలు వెతికే చోట, చాలా ఏళ్ళు పనిచేశాను. మీరు పంపిన నకళ్ళన్నీ చూశాను. చచ్చిపోయినాయన సంతకం సంగతి ముందు తేల్చేద్దాం, దానికి రెండు నిమిషాలు చాలు.

ఆయన దయ్యమై వచ్చి సంతకం పెట్టలేదు. అప్పట్లో ఇంగ్లాండులోనూ, దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, మార్చి 25న మొదలయ్యేది. ఇంచుమించు మన ఉగాది రోజుల్లో అనుకోండి. అంటే 1748 డిసెంబరు తర్వాత వచ్చిన జనవరి, ఫిబ్రవరి కూడా 1748 కిందే లెక్క. కాబట్టి ఆయన 1748 నవంబరులో సంతకం పెట్టాడు, ఆ తర్వాత వచ్చిన ఫిబ్రవరిలో వీలునామా కోర్టుకెక్కింది. మన లెక్కలో అది 1749 ఫిబ్రవరి. ఈ పద్ధతి 1752లో మారింది. ఆ ఏడాది సెప్టెంబరు 2 తర్వాతి రోజుని 14 అన్నారు, పదకొండు రోజులు ఎగిరిపోయాయి. జార్జ్ వాషింగ్టన్ పుట్టినరోజు కూడా ఇలాగే ఫిబ్రవరి 11 నుంచి 22కి జరిగింది, ఏడాది 1731 నుంచి 1732కి మారింది. మీరు నోట్సు రాసుకునేటప్పుడు 1748/49 అని గీత పెట్టి రాయండి. ఇక్కడి వాళ్ళూ అలాగే రాస్తారు.

ఇక అసలు సంగతి. కౌంటీ కోర్టు గుమాస్తాకి ఎవరి వంశంతోనూ పనిలేదు. భూమి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయింది, అప్పు ఎవరు తీర్చాలి, అనాథ పిల్లల్ని ఎవరు చూడాలి, వీటికి మాత్రమే ఆయన కలం కదిలేది. బంధుత్వం కావాలంటే భూమి వెంట పోవాలి. ఇంటర్నెట్ వృక్షాలు వేసేవాళ్ళు పేరు వెంట పోతారు, అక్కడే బోల్తా కొడతారు.

వీలునామాలో పేరు లేదు కాబట్టి కొడుకు కాడు అనుకోవద్దు. వర్జీనియాలో అప్పుడు పెద్దకొడుకు చట్టం ఉండేది. వీలునామాలో ఎవరికీ రాయని భూమి ఏదైనా ఉంటే అది నోరెత్తకుండా పెద్దకొడుక్కి పోతుంది. పెద్దాయనకి ఆ సంగతి తెలుసు, ఊళ్ళో అందరికీ తెలుసు. కాబట్టి వీలునామాలో వాడి ఊసే ఎత్తకపోవడం మామూలే. ఒక్కోసారి ‘వాడికి ఒక షిల్లింగు’ అని రాస్తారు. చదివిన వాళ్ళు తండ్రికి కోపమని అనుకుంటారు. చాలాసార్లు అది కోపం కాదు, వాడి వాటా ముందే ఇచ్చేశాం అని చెప్పడం. ఈ పెద్దకొడుకు చట్టాన్ని 1785లో రద్దు చేశారు, 1787 నుంచి పిల్లలందరికీ సమాన వాటా వచ్చింది. మీ పెద్దాయన పోయింది అంతకు చాలా ముందు.

అందుకే మీరు పంపిన కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక చిన్న కూడిక వేశాను. పెద్దాయనకి 1734లో 400 ఎకరాల పేటెంటు వచ్చింది. పేటెంటు అంటే ఇక్కడ ప్రభుత్వం ఇచ్చిన పట్టా. 1739లో ఇంకో 350. 1744లో 200 ఎకరాలు కొన్నాడు. మొత్తం 950. వీలునామాలో ఒక కొడుక్కి 350 ఇచ్చాడు, అది భార్య బతికున్నంత కాలం ఆమె చేతిలో ఉండాలన్నాడు. ఇంకొకడికి 200. మూడోవాడికి డబ్బు, కూతుళ్ళకి పరుపులు, ఆవులు. 350, 200 కలిపితే 550. మిగిలిన 400 ఏమైంది?

సరిగ్గా 400 ఎకరాలే 1767లో మీ అల్లుడి పూర్వీకుడు అమ్మాడు. అది చూసి నాకు కూడా ఒళ్ళు జలదరించింది. కానీ ఆగండి. ఆ రోజుల్లో 400 ఎకరాల పేటెంట్లు కోకొల్లలు. అంకె కలిసినంత మాత్రాన భూమి కలిసినట్టు కాదు. చెక్కుబందీ కలవాలి.

ఇక్కడే మీ అనుభవం పనికొస్తుంది, కానీ ఒక తేడా ఉంది. మనకు సర్వే నంబరు పెట్టి ఈసీ తీయొచ్చు, ఇండెక్స్ 2లో ఆస్తిని బట్టి వెతకొచ్చు. పాత వర్జీనియాలో సర్వే నంబర్లు లేవు. ఉన్నది పేర్ల ఇండెక్స్ ఒక్కటే, అమ్మినవాళ్ళది ఒకటి, కొన్నవాళ్ళది ఒకటి. భూమిని గుర్తుపట్టాలంటే హద్దులు చదివి బొమ్మ గీయాల్సిందే. దస్తావేజులో ఇలా ఉంటుంది: ఫలానావారి మూలనున్న తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలు, అక్కణ్ణుంచి ఉత్తరానికి 40 డిగ్రీలు తూర్పుగా 128 పోళ్ళు వెళ్తే రెండు పైన్ చెట్లు, అక్కణ్ణుంచి వాగు వెంబడి... పోల్ అంటే 16.5 అడుగులు. మన సర్వేయర్లు లాగిన 66 అడుగుల గంటర్ గొలుసే వీళ్ళదీ. పోల్ అందులో పావు, అంటే 25 లింకులు. 160 చదరపు పోళ్ళు ఒక ఎకరం. 320 పోళ్ళ పొడవు, 200 పోళ్ళ వెడల్పు ఉంటే లెక్కకి సరిగ్గా 400 ఎకరాలు.

గ్రాఫు కాగితం మీద ఒక సెంటీమీటరుకి 20 పోళ్ళు పెట్టండి. మీ మనవడి జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్ ఉంటుంది కదా, వాణ్ణే గీయమనండి. 1734 పేటెంటు ఒక కాగితం మీద, 1767 దస్తావేజు ఇంకో పల్చని కాగితం మీద. దీనికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు వచ్చాయి గానీ నాకు చేత్తో గీస్తేనే నమ్మకం. ఒకసారి మా ఆఫీసులో మూడు రోజులుగా కలవని రెండు బొమ్మలు ముందేసుకుని కూర్చున్నాను. విసుగొచ్చి పై కాగితాన్ని అటూ ఇటూ జరుపుతుంటే ఒక మూల ఠక్కున కూర్చుంది. ఒకదాంట్లో ‘ఎర్ర ఓక్’, రెండోదాంట్లో అదే మూలన ‘ఎర్ర ఓక్ మొద్దు’. ముప్ఫై ఏళ్ళలో చెట్టు కొట్టేశారు. అంతే తేడా. ఓక్ కనబడకపోతే మొద్దు కోసం చూడండి. పక్క రైతు పేరు మారితే ఆయన కొడుకో, ఆయన దగ్గర కొన్నవాడో అయ్యుంటాడని చూసుకోండి. దిక్సూచి డిగ్రీలు కూడా ఒకటి రెండు అటూ ఇటూ పోతాయి, కంగారు పడకండి.

1767 దస్తావేజుని ఇంకోసారి మొదటి గీత నుంచి చదవండి. ‘ఫలానావారి పెద్దకొడుకు, చట్టప్రకారం వారసుడు’ అని అమ్మేవాడి పేరు పక్కన ఉంటే మీ పని అక్కడితో అయిపోయినట్టే. మీరు నాకు రెండో పేజీ మాత్రమే పంపారు. అందులో భార్య మేరీని భర్త లేని చోట విడిగా అడిగి ఆమె ఒప్పుకుందని రాసిన భాగం ఉంది. భర్త పోతే భార్యకి భూమిలో మూడో వంతు ఆమె జీవితాంతం దక్కే హక్కు ఉండేది. ఆమె ఇష్టపడి వదులుకుంటే తప్ప కొన్నవాడికి నిద్రపట్టదు. అందుకే ఇంట్లో ఆడవాళ్ళ పేరు ఎక్కడా దొరకని ఆ కాలంలో దస్తావేజు చివర మాత్రం దొరుకుతుంది. ఆమె పుట్టింటి పేరు కావాలంటే వేరే చోట చూడాలి. 1750, 60లలో ఎవరైనా ‘ప్రేమాభిమానాల చేత’, ఐదు షిల్లింగులకు ఈయనకి ఏదైనా రాసిచ్చారేమో చూడండి. ఐదు షిల్లింగులకు ఎవరూ పరాయివాడికి భూమి ఇవ్వరు. మన పసుపుకుంకుమ కింద ఇచ్చే భూమి లాంటిదే.

అన్నట్టు, ఒకే భూమికి వరసగా రెండు రోజుల తేదీలతో రెండు కాగితాలు కనబడి, మొదటిదాంట్లో లీజు అని, అద్దె ఒక మిరియపు గింజ అని ఉంటే ఆశ్చర్యపోకండి. అది నిజం లీజు కాదు. అమ్మకాన్ని రెండు కాగితాలుగా చేసే ఇంగ్లీషు లాయర్ల ఎత్తు.

ఇప్పుడు ఆ ‘కజిన్’. మనకున్నట్టు బావ, మరిది, మేనల్లుడు, అన్నకొడుకు అని విడివిడి మాటలు వీళ్ళకి అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. పైగా ఆ కాలంలో కజిన్ అంటే చాలాసార్లు అన్నదమ్ముల కొడుకో, అక్కచెల్లెళ్ళ కొడుకో. ‘సన్ ఇన్ లా’ అని ఉంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి పెళ్ళి కొడుకు కావచ్చు. తండ్రి పోయి తల్లి ఉన్నా పిల్లల్ని ‘ఆర్ఫన్’ అనే రాసేవారు. 21 నిండకపోతే మీసాలొచ్చిన కుర్రాడు కూడా ‘ఇన్‌ఫెంట్’. ‘సీనియర్, జూనియర్’ అని ఉంటే తండ్రీకొడుకులు అని గీత గీసేయకండి. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ఇద్దరుంటే వయసులో పెద్దవాడు సీనియర్, అంతే. ఆ పెద్దవాడు పోయాక నిన్నటి జూనియర్ సీనియర్ అవుతాడు. నేను కొత్తలో ఈ ఒక్క మాట తెలియక బాబాయినీ అన్నకొడుకునీ తండ్రీకొడుకులు చేసి ఫైలంతా తయారుచేశాను. మా పెద్ద లాయరు గారు ఒక్క ముక్క అనకుండా ఆ ఫైలు నా టేబుల్ మీద తిరగేసి పెట్టి వెళ్ళిపోయారు.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, 1767లో అమ్మినాయన పెద్దకొడుకు, వీలునామాలో చెప్పక్కర్లేని వాడు. గుర్రం పుచ్చుకున్న కజిన్ అదే పేరున్న వేరే మనిషి. రెండు, గుర్రం పుచ్చుకున్నతనూ 1767లో అమ్మినతనూ ఒకడే, పెద్దాయనకి అన్న కొడుకో తమ్ముడి కొడుకో. అప్పుడు ఆ 400 ఎకరాలు వాళ్ళ నాన్న వైపు నుంచి రావాలి, పెద్దాయన అన్నదమ్ముల పేరున పేటెంటు వెతకాలి. హద్దులు 1734 పేటెంటుతో కలిస్తే మొదటి దారికి బలం. నాకైతే మొదటిదే అనిపిస్తోంది. కానీ నా అనిపించడాన్ని మనవడి చార్టులో ఎక్కించకండి.

సంతకాల దగ్గర కూడా ఆగి చూడండి. కౌంటీ పుస్తకాల్లో ఉన్నది గుమాస్తా తిరగరాసిన నకలు, అసలు సంతకం కాదు. అయినా చదువురాని వాడు గుర్తు పెడితే, ఆ గుర్తు ఆకారాన్ని గుమాస్తా చాలాసార్లు అలాగే దించేవాడు. మన నిశానీ లాగే. ఒకడు తలకిందులుగా రాసిన అక్షరం లాంటి గుర్తు పెడతాడు, ఇంకొకడు పూర్తి పేరు రాస్తాడు. ఒకే పేరున్న ఇద్దరు మనుషుల్ని విడదీయడానికి ఇంతకంటే సులువైన మార్గం నాకు దొరకలేదు.

హానోవర్ మంటల గురించి. 1865 ఏప్రిల్ 3న, అంతర్యుద్ధం చివర్లో, రిచ్‌మండ్ నగరం తగలబడింది. యుద్ధంలో భద్రంగా ఉంటాయని చాలా కౌంటీలు తమ పుస్తకాలను అక్కడికే పంపించాయి. భద్రం అనుకున్న చోటే బూడిదయ్యాయి, హానోవర్‌వి చాలావరకు వాటిల్లోనే పోయాయి. కానీ మీ కథకి ఇది అనుకున్నంత దెబ్బ కాదు. ఆ భూమి కదలకుండానే కౌంటీలు మారింది. మొదట యార్క్, అందులోంచి 1654లో న్యూ కెంట్, అందులోంచి 1720లో హానోవర్, అందులోంచి 1742లో లూయిసా. మీకిది కొత్తేం కాదు. 1970కి ముందు ఒంగోలు కాగితాలకు గుంటూరు వెళ్ళేవారు. 2022 వరకూ బాపట్ల మీ జిల్లానే. మనిషి కదల్లేదు, జిల్లా కదిలింది. కాబట్టి ఏ కాగితం వెతికినా ఆ ఏడాదికి ఆ నేల ఏ కౌంటీ కింద ఉందో ముందు చూసుకోండి. 1742 తర్వాతివి లూయిసాలో ఉన్నాయి. లూయిసా పుస్తకాలు బతికాయి. పేటెంట్లు కౌంటీవి కావు, మొత్తం వలస ప్రభుత్వానివి, అవీ బతికాయి. పోయింది మధ్యలో హానోవర్ కింద ఉన్న కాలం.

అంటే మీకు ఒక చిక్కు ఉంది, దాచను. 1734కీ 1742కీ మధ్య పెద్దాయన ఆ 400 ఎకరాలు ఎవరికో అమ్మేసి ఉండొచ్చు. ఆ దస్తావేజు హానోవర్‌లో కాలిపోయి ఉండొచ్చు. అప్పుడు హద్దులు కలిసినా వారసత్వం రుజువు కాదు. దీన్ని పూడ్చడానికి చర్చి పుస్తకం ఉంది. అప్పట్లో ప్రతి నాలుగేళ్ళకోసారి చర్చి పెద్దలు ఊరి మనుషుల్ని పంపి పొలాల హద్దులన్నీ నడిపించి చెట్ల మీద గుర్తులు కొత్తగా కొట్టించేవారు. ఎవరి పొలం హద్దులు నడిచారో, ఎవరు దగ్గరున్నారో పేర్లు రాసేవారు. లూయిసా వైపు ఉన్న ఫ్రెడరిక్స్‌విల్ పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊళ్ళ పరిధి) పుస్తకం 1742 నుంచి ఉంది, అచ్చులోనూ వచ్చింది. పెద్దాయన బతికున్నప్పటి జాబితాలో ఆ పొలం ఆయన పేరున ఉండి, ఆయన పోయాక తర్వాతి జాబితాలో మీవాడి పేరున ఉంటే, మధ్యలో లూయిసాలో అమ్మకం దస్తావేజు ఏదీ లేకపోతే, అది మీకు దొరికే గట్టి సాక్ష్యం. లూయిసా కోర్టు ఆర్డరు పుస్తకాల్లో గార్డియన్ల నియామకాలు కూడా చూడండి. 14 ఏళ్ళు దాటిన తండ్రిలేని పిల్లాడు తన గార్డియన్‌ని తానే ఎంచుకోవచ్చు. అలా ఎంచుకున్నాడని రాస్తే వయసు దానంతటదే తెలుస్తుంది.

కింది తరాలకు ఇంత అవస్థ ఉండదు. 1782 నుంచి భూమి పన్ను, ఆస్తి పన్ను జాబితాలు దాదాపు ఏటా ఉన్నాయి. ఒక ఏడాది తండ్రి పేరు పోయి మరుసటి ఏడాది ‘ఎస్టేట్’ అని వస్తే పోయిన సంవత్సరం దొరికినట్టే. వర్జీనియా 1790 జనాభా లెక్కలు పోయాయి, వెతికి టైము వృథా చేసుకోకండి. ఇంట్లో స్వేచ్ఛగా ఉన్న అందరి పేర్లూ రాయడం 1850తో మొదలైంది, ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880తో. మధ్యలో ఖాళీ కనబడితే ఛాన్సరీ కేసులు చూడండి. ఛాన్సరీ అంటే వాటాల తగాదాల కోర్టు అనుకోండి. అన్నదమ్ములు కొట్టుకున్న ఇంట్లో వంశవృక్షం ఎంత బాగా దొరుకుతుందో మీకు నేను చెప్పాలా? ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరి పిల్లలు పడమరనున్న కెంటకీ రాష్ట్రానికి పోయారు, అన్నీ ప్రమాణం చేసి చెబుతారు. సాక్షుల వయసు ‘సుమారు 60’ అని కూడా ఉంటుంది. ఇవి చాలావరకు లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్ళు ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టారు. కుటుంబంలో కొందరు కెంటకీకి పోయి ఉంటే అక్కడి కౌంటీ పుస్తకాలు కూడా తిరగేయండి. వర్జీనియాలో తాతభూమి వాటా అమ్మమని అక్కణ్ణుంచి పవరాఫ్ అటార్నీలు పంపేవారు. అందులో వారసులందరి పేర్లూ ఉంటాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం తర్వాత బ్రిటిష్ వర్తకులు పాత పొగాకు బాకీలు రాబట్టుకోవడానికి తిరిగారు. ఆ జాబితాల్లో కూడా ‘ఫలానావాడు ఇరవై ఏళ్ళ కిందట కెంటకీకి పోయాడు, అప్పుడు బాగా ఉన్నవాడు’ లాంటి ముక్కలు దొరుకుతాయి. కౌంటీ పుస్తకాలు కాలిపోయిన చోట ఇవి బంగారం.

ఒక సంగతి మీరు ఉత్తరంలో రాయలేదు కానీ నకలులో ఉంది. వీలునామా మూడో పేరాలో భార్యకి ఒక స్త్రీని, ‘ఆమెనూ ఆమెకు పుట్టబోయే సంతానాన్నీ’ ఇస్తున్నానని రాశాడు. ఇంకో చిన్న కుర్రాణ్ణి ఒక కొడుక్కి. మంచాల జాబితాకి పైన ఆ రెండు పేర్లూ ఉన్నాయి. 1662లో వర్జీనియా చట్టం బిడ్డ స్థితి తల్లిని బట్టే ఉంటుందని తేల్చింది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస, తండ్రి ఎవరైనా సరే. ‘పుట్టబోయే సంతానం’ అనే ఆ మాట అక్కణ్ణుంచి వచ్చింది. మీరు దీన్ని దాటేసి ఉంటారు, లేదా చూసి నాయనమ్మ గారి ముందు ఎత్తడం బాగోదని ఊరుకుని ఉంటారు. ఆ పేర్లు రాసిపెట్టండి, తేదీతో, పుస్తకం పేజీతో సహా. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళలో చాలామంది పేర్లు జనాభా లెక్కల్లో మొదటిసారి కనబడింది 1870లో. అంతకు పైకి వెళ్ళాలంటే వాళ్ళ మనవలకీ మునిమనవలకీ మిగిలింది యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలే. మీరు మీ మనవడి కోసం వెతికే కాగితమే ఇంకో ఇంటి మనవడికి ఏకైక ఆధారం కావచ్చు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ‘వర్జీనియా అన్‌టోల్డ్’ అని ఇలాంటి పత్రాలకే ఒక విభాగం ఉంది. మనవడికి పదకొండేళ్ళో పన్నెండేళ్ళో ఉంటే దాచకండి, వాడికి అర్థమవుతుంది.

ఇక చార్టు పైభాగం. 1650ల్లో యార్క్ కౌంటీ పేటెంటులో ‘హెడ్‌రైట్’ల జాబితాలో మూలపురుషుడి పేరుందని, అదే ఆయన అమెరికా వచ్చిన సంవత్సరమని రాశారు. ఇది బలహీనం. 1618 నుంచి ఉన్న పద్ధతి ఏమిటంటే, ఒక మనిషిని ఓడ ఖర్చు పెట్టి తెస్తే తలకి 50 ఎకరాలు. ఆ హక్కుల్ని కొనేవారు, అమ్మేవారు, ఏళ్ళ తరబడి దాచుకునేవారు, ఒక్కోసారి ఒకే తలని రెండుసార్లు లెక్కపెట్టేవారు. పేరున్న ఏడాది వచ్చిన ఏడాది కానక్కర్లేదు. అదే పేరున్న మనిషి మీవాడే అనడానికీ వేరే రుజువు కావాలి. కానీ ఈ జాబితాలు చదివితే మాత్రం వదలబుద్ధి కాదు. 1621లో ఆంటోనియో అన్న పేరుతో ఇక్కడికి తెచ్చిన ఆఫ్రికా మనిషి తర్వాత ఆంథోనీ జాన్సన్‌గా స్వేచ్ఛ పొంది, 1651లో ఐదు తలల మీద 250 ఎకరాలు పుచ్చుకున్నాడు. 1635లో జార్జ్ మెనిఫీ అనే పెద్ద రైతు పెట్టిన జాబితాలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఒక పేరుంది. మన వైపు మనిషే అయ్యుండాలి. ఏ తీరం నుంచి ఎక్కాడో ఆ కాగితం చెప్పదు. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో దిగింది 1611లో. ఇంతకు మించి ఒక్క అక్షరం కూడా రాయలేం. అయినా ఆ పేరు చూసిన రోజు నేను చాలాసేపు పుస్తకం మూయలేదు.

సింహం బొమ్మ గురించి. ఇంగ్లాండులో డాలు గుర్తు ఒక మనిషికి ఇస్తారు, ఆయన వారసులకు వస్తుంది. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రాదు. పైగా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గుస్తావ్ అంజూ అనే ఆయన ఇలాంటి గొప్ప వంశాలు కల్పించి డబ్బున్న అమెరికన్ కుటుంబాలకు అమ్ముకున్నాడు. ఆ వృక్షాలు ఇప్పటికీ ఒకరి నుంచి ఒకరు దించుకుంటూనే ఉన్నారు. నాయనమ్మ గారి ఫైలు అలాంటిదే అని నేననను. కానీ ఆ మొదటి పేజీకి కాగితం ఆధారం ఏదీ కనబడలేదు. ఆవిడతో వాదించకండి. ‘ఇది మీకు ఎవరిచ్చారండీ?’ అని అడగండి, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసుకోండి. దానికి కూడా విలువ ఉంటుంది. చార్టులో మాత్రం 1767 పైన చుక్కల గీత వేయించండి.

పని వరస చెబుతాను. ఇంట్లో కూర్చుని ఫ్యామిలీసెర్చ్ అనే వంశావళి వెబ్‌సైట్‌లో చూడండి, ఉచితం. 2024 నుంచి అందులో కంప్యూటరే పాత చేతిరాత చదివి, దస్తావేజుల్లో మాటలతో వెతకనిస్తోంది. మధ్యలో వచ్చే పొడుగు ‘ఎస్’ అక్షరాన్ని అది ఒక్కోసారి ‘ఎఫ్’ అనుకుంటుంది, కాబట్టి ఇంటిపేరుని నాలుగు రకాల స్పెల్లింగులతో కొట్టండి. పొలం పక్క రైతుల పేర్లతో కూడా కొట్టండి, మీవాళ్ళు సాక్షులుగా అక్కడ దొరుకుతారు. తర్వాత అల్లుణ్ణి ఒకరోజు సెలవు పెట్టమని లూయిసా కోర్టుకి వెళ్ళండి, సర్క్యూట్ కోర్టు క్లర్కు గారి రికార్డు గది అడగండి. 1767 దస్తావేజు మొదటి పేజీ ఫోటో తీసుకోండి. ఆ పుస్తకాలు బరువు, మీ నడుం చూసుకోండి, మనవణ్ణి ఎత్తమనండి. రిచ్‌మండ్ బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న లైబ్రరీ ఆఫ్ వర్జీనియాకి ఇంకోరోజు. అక్కడ పాత కాగితాల గదిలో పెన్ను తీయనివ్వరు, పెన్సిల్ పట్టుకెళ్ళండి.

రెండు బొమ్మలూ గీశాక ఫోటో తీసి నాకు పంపండి. హద్దులో ఎర్ర ఓక్ దొరికినా, మొద్దు దొరికినా, రెండూ దొరక్కపోయినా సరే.